ఉప్పు కొండ కింద... అద్దంలాంటి ఊరు!

రైలు దిగితే ఊరు కనిపించదు. స్టేషన్లో 'హాల్‌స్టాట్' అన్న బోర్డు మాత్రం ఉంటుంది. ఓ పక్కన చెట్లు కమ్ముకున్న కొండ, ఇంకో పక్కన నీళ్లు. మరి ఊరేదీ? తలెత్తి చూస్తే... సరస్సుకి ఆవలి ఒడ్డున, కొండ అంచుని పట్టుకుని వేలాడుతున్నట్టు నాలుగు వరసల ఇళ్లు, వాటి మధ్యలోంచి సూదిలా పైకి లేచిన చర్చి శిఖరం, ఆ మొత్తం బొమ్మ తలకిందులుగా నీళ్లలో మరోసారి. రైలు వచ్చే వేళకి రేవులో చిన్న పడవ సిద్ధంగా ఉంటుంది. ఎక్కితే పది నిమిషాల ప్రయాణం. ఆ పది నిమిషాల్లో పడవలో ఒక్కరూ కూర్చుని ఉండరు. అందరూ కెమెరాలు పట్టుకుని ముందువైపుకి చేరిపోతారు.

ఆస్ట్రియాలోని ఆల్ప్స్ పర్వతాల ఒడిలో ఉన్న ఈ ఊరిని ప్రపంచంలోకెల్లా అందమైన సరస్సు గ్రామం అంటారు చాలామంది. ఆ మాట నిజమో కాదో తేల్చడం కష్టం కానీ, అలా అనిపించుకున్నందుకు ఆ ఊరు పడుతున్న పాట్లు మాత్రం నిజం. హాల్‌స్టాట్ జనాభా ఎనిమిది వందల లోపే. వేసవిలో రద్దీ రోజుల్లో అక్కడికొచ్చే యాత్రికులు... దాదాపు పదివేలు! అంటే ఇంట్లో ఒక్కరుంటే వాకిట్లో డజను మంది నిలబడ్డట్టన్నమాట. రోజూ!

కొండకీ నీటికీ మధ్య

సముద్రమట్టానికి 508 మీటర్ల ఎత్తులో ఉంటుంది హాల్‌స్టాట్ సరస్సు. పొడవు ఆరు కిలోమీటర్లకు కాస్త తక్కువ. లోతు మాత్రం ఎక్కువే, 125 మీటర్లు. ట్రావున్ నది ఓ చివర లోపలికి వచ్చి మరో చివర బయటికి వెళుతుంది. ఎక్కడో మంచు కరిగి వచ్చే నీరు కాబట్టి నడి వేసవిలో కూడా చల్లగానే ఉంటుంది. చుట్టూ నిట్టనిలువు కొండలు. వాటి వెనక దాదాపు మూడువేల మీటర్ల ఎత్తున్న డాఖ్‌స్టైన్ పర్వతం. ఊరికి మిగిలిన చోటల్లా ఆ కొండ పాదానికీ నీటి అంచుకీ మధ్య ఉన్న సన్నని పట్టీ.

ఈ ఊరి కథ మొత్తం ఆ ఇరుకులోనే ఉంది. పై వరస ఇళ్లకి కింది వరస ఇళ్ల కప్పులే వాకిళ్లలా కనిపిస్తాయి. పెరడుకి చోటు లేదు. అందుకే పియర్ పళ్ల చెట్లని గోడకి ఆనించి, కొమ్మల్ని అటూ ఇటూ కట్టి, తీగెల్లా పాకిస్తారు. గోడ మీద గీసిన బొమ్మనుకుని దగ్గరికెళ్లి చూస్తే కాయలు కనిపిస్తాయి! 1750లో జరిగిన అగ్నిప్రమాదంలో ఊరి నడిబొడ్డు కాలిపోయింది. ఇప్పుడు ఫొటోల్లో కనిపించే రంగురంగుల ఇళ్ల చౌరస్తా ఆ తర్వాత కట్టుకున్నదే. 2019 నవంబరులో మళ్లీ ఒడ్డునున్న పడవల పాకలు అంటుకున్నప్పుడు ఊరంతా హడలిపోయింది. చెక్క ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నచోట నిప్పంటే ఎంత భయమో పూరిళ్ల మధ్య పెరిగిన మన పెద్దవాళ్లని అడిగితే చెబుతారు.

పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఈ ఊరికి సరైన రోడ్డు కూడా లేదు. పడవలో రావాలి, లేదా కొండ దారిన నడవాలి. 1877లో రైలు వచ్చింది, అదీ ఆవలి ఒడ్డుకి. ఈ ఒడ్డున పట్టాలు వేయడానికి చోటేదీ? ఒడ్డు వెంట కొండని పేల్చి రోడ్డు వేసింది ఆ తర్వాతే. ఇంత ఇరుకులో, ఇంత దూరంలో మనుషులు అసలెందుకు కాపురం పెట్టినట్టు?

ఉప్పు కోసం!

సముద్రం కొండెక్కింది

ఉప్పంటే మనకి చినగంజాం దగ్గరి ఉప్పుమడులు గుర్తొస్తాయి. సముద్రపు నీటిని మళ్లలోకి పెట్టి, ఎండకి ఆరబెట్టి, కుప్పలు పోస్తారు. సముద్రమే లేని ఆస్ట్రియాలో ఉప్పెక్కడిది? ఉండేది... పాతిక కోట్ల సంవత్సరాల కిందట! ఆ సముద్రం ఎండిపోయి ఉప్పు పొరలుగా మిగిలింది. తర్వాతెప్పుడో భూమి ముడతలు పడి ఆల్ప్స్ పుట్టినప్పుడు ఆ పొరలు కూడా కొండలతోపాటు పైకొచ్చేశాయి. మన పచారీ కొట్లలో సైంధవ లవణం పేరుతో దొరికే రాతిఉప్పు లాంటిదే ఇది కూడా. హాల్‌స్టాట్ పేరులోని 'హాల్'కి పాతకాలపు జర్మన్‌లో ఉప్పుతో సంబంధం ఉంది. దగ్గర్లోని పెద్ద నగరం సాల్జ్‌బర్గ్, ఈ ప్రాంతమంతటినీ కలిపి పిలిచే సాల్జ్‌కామర్‌గూట్... రెంటిలోనూ 'సాల్జ్' అంటే ఉప్పే.

ఇక్కడ ఉప్పు తవ్వకం ఏడువేల సంవత్సరాల నాటిది. జింక కొమ్ముతో చేసిన గునపం ఒకటి ఈ కొండలో దొరకడం వల్ల ఆ సంగతి తెలిసింది. ప్రపంచంలోకెల్లా పురాతనమైన ఉప్పుగని ఇదేనంటారు. విశేషమేంటంటే, గని ఇప్పటికీ మూతపడలేదు. కాకపోతే గునపాలతో తవ్వడం మానేశారు. లోపలికి నీళ్లు పంపి ఉప్పుని కరిగిస్తారు. ఆ ఉప్పునీటిని గొట్టాల్లో దూరానికి పంపి అక్కడ కాచి ఉప్పు తీస్తారు. ఈ ఏర్పాటు కూడా ఇప్పటిది కాదు. 1595-1607 మధ్య, పదమూడు వేల చెట్ల మొద్దుల్ని తొలిచి, ఒకదానికొకటి అతికించి, నలభై కిలోమీటర్ల దూరంలోని ఎబెన్‌జే దాకా గొట్టం వేశారు. ఎందుకంత దూరం? ఉప్పునీటిని కాచడానికి కట్టెలు కావాలి. ఊరి చుట్టుపక్కల అడవి సరిపోలేదు. కట్టెల్ని ఇక్కడికి తెచ్చే బదులు నీటినే కట్టెల దగ్గరికి పంపారు! ఆ గొట్టం వెంట వేసిన కాలిబాట మీద ఇప్పటికీ నడుస్తుంటారు యాత్రికులు.

గని చూడటానికి ఊరి పైనున్న లోయకి చేరుకోవాలి. కొండ మీదికి నిటారుగా పాకే రైలుపెట్టె ఉంది. (దాన్ని కొత్తగా కట్టే పనుల కోసం 2025లో ఆపారు కాబట్టి వెళ్లేముందు సర్వీసు ఉందో లేదో కనుక్కోవాలి.) పైన దిగగానే ఊరి కప్పులకి 350 మీటర్ల ఎత్తులో గాల్లోకి పొడుచుకొచ్చిన ఓ వంతెన లాంటిది ఉంటుంది. అక్కణ్నుంచి చూస్తే ఊరు అగ్గిపెట్టెల్లా, సరస్సు పలకలా కనిపిస్తాయి. గనిలోకి వెళ్లేవాళ్లకి పైన తొడుక్కోవడానికి గని పనివాళ్ల దుస్తులిస్తారు. లోపల ఏడాది పొడుగునా చలే. ఒక అంతస్తు నుంచి కింది అంతస్తుకి మెట్లు దిగక్కర్లేదు, నున్నటి చెక్క జారుడుబల్ల మీద సర్రున జారడమే! పూర్వం పనివాళ్లు అలాగే దిగేవారు. అందులో పెద్దది 64 మీటర్ల పొడవుంది. పిల్లలు ఒకసారి జారాక మళ్లీ ఎక్కిస్తారా అని అడగటం మామూలే. ఎక్కించరు.

ఉప్పులో ఊరిన మనిషి

ఆవకాయ ఏడాదంతా పాడవకుండా ఉంటుందంటే ఉప్పు మహిమే కదా. ఈ కొండ కూడా అలాంటి ఓ జాడీయే. గని గోడల్లో ఇరుక్కుపోయిన చెక్క, తోలు, బట్ట... మామూలు నేలలో అయితే ఎప్పుడో మట్టిలో కలిసిపోవాల్సినవి, ఇక్కడ మూడువేల ఏళ్లయినా రంగు కూడా పోకుండా ఉన్నాయి. ఉప్పు మోసిన తోలు సంచులు, చేతికి తొడుక్కున్న తోలు ముక్కలు, నేసిన ఊలు బట్టలు. 2003లో ఓ చెక్క నిచ్చెనమెట్ల దారే బయటపడింది. దానికి వాడిన చెట్లని క్రీస్తుపూర్వం 1344 ప్రాంతంలో నరికారని చెక్కలోని వలయాల్ని లెక్కపెట్టి తేల్చారు శాస్త్రవేత్తలు. యూరప్‌లో దొరికిన చెక్కమెట్లలో అంతకన్నా పాతవి లేవు. కొండ బరువుకి సొరంగాలు మెల్లమెల్లగా మూసుకుపోతుంటాయి కాబట్టి ఆ మెట్లు కూడా నలిగి వంగిపోయే దశలో దొరికాయి.

ఇంకో సంగతి వింటే భోజనం వేళ కాకపోతే బాగుండుననిపిస్తుంది. పనివాళ్లు గనిలోనే కాలకృత్యాలు తీర్చుకునేవారు. అదీ ఉప్పులో అలాగే ఉండిపోయింది! ఆ నమూనాల్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు 2021లో ఓ తమాషా విషయం బయటపెట్టారు. దాదాపు 2,700 ఏళ్ల కిందటే ఆ గని కార్మికులు బీరు తాగేవారు, నీలిచారల జున్ను తినేవారు. ఆ రెంటినీ తయారుచేసే సూక్ష్మజీవుల ఆనవాళ్లు అందులో ఉన్నాయి మరి. యూరప్ ఖండంలో ఆ జున్ను గురించి దొరికిన తొలి ఆధారం అదే.

వీటన్నిటికంటే కదిలించే సంఘటన 1734 నాటిది. గనిలో కొంత భాగం కూలినప్పుడు లోపల ఓ మనిషి శవం కనిపించింది. చర్మంతో, వేసుకున్న బట్టలతో సహా! ఎవరో తెలీదు, ఊళ్లో ఎవరూ తప్పిపోలేదు. వేల ఏళ్ల కిందట కొండ విరిగిపడి చనిపోయిన పనివాడని ఇప్పుడు అనుకుంటున్నారు. అప్పటివాళ్లకి అర్థమైంది ఒక్కటే: క్రైస్తవుడు కాదు. అందుకని పుణ్యభూమిలో చోటివ్వకుండా, శ్మశానంలో ఓ మూల పూడ్చేశారు. ఇన్ని వేల ఏళ్లు ఉప్పు కాపాడిన శరీరం మట్టిలో పడగానే పోయింది. ఇప్పుడతని గుర్తుగా ఏమీ మిగల్లేదు. శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఆ పొరపాటు తలుచుకుని నిట్టూరుస్తుంటారు.

ఆ తర్వాత వందేళ్లకి జొహాన్ గియోర్గ్ రామ్‌సావర్ అనే గని అధికారి అలాంటి పొరపాటు చేయలేదు. 1846లో కొండ మీది లోయలో కొన్ని సమాధులు బయటపడితే, 1863 దాకా ఓపిగ్గా తవ్వించి 980 సమాధుల్ని వెలికితీశాడు. ఏ సమాధిలో ఏ వస్తువు ఎక్కడుందో నీటిరంగులతో బొమ్మలు గీయించి మరీ భద్రపరిచాడు. పురావస్తుశాస్త్రం ఇంకా తప్పటడుగులు వేస్తున్న రోజులవి! కత్తులు, కంచు పాత్రలు, బాల్టిక్ తీరం నుంచి వచ్చిన తృణమణులు, ఏనుగు దంతం... మారుమూల కొండ మీద ఇంత సంపద. ఉప్పు అమ్మినవాళ్లు ఎంత కలిగినవాళ్లో అప్పుడు తెలిసింది. అందుకే క్రీస్తుపూర్వం 800-450 మధ్య కాలాన్ని యూరప్ చరిత్ర పుస్తకాల్లో 'హాల్‌స్టాట్ యుగం' అనే రాస్తారు. వెయ్యిమంది కూడా లేని ఊరి పేరుతో ఓ యుగం!

పుర్రెల మీద పూలు

మళ్లీ ఇరుకు దగ్గరికే వద్దాం. బతికున్నవాళ్లకే చోటు లేని ఊళ్లో చనిపోయినవాళ్ల మాటేంటి? కొండ అంచున చర్చి పక్కనున్న శ్మశానం మన పెద్ద ఇళ్ల పెరడంత ఉంటుంది. అందుకే ఇక్కడ సమాధి శాశ్వతం కాదు. పది పదిహేనేళ్ల తర్వాత తవ్వి, ఎముకలు తీసి, ఆ చోటు మరొకరికి ఇచ్చేవారు. తీసిన పుర్రెని శుభ్రం చేసి, వారాల తరబడి ఎండలో ఉంచి తెల్లబడ్డాక, నుదుటి మీద పేరూ తేదీలూ రాసి, చుట్టూ రంగులతో పూలు, ఆకులు వేసేవారు. ఆడవాళ్లకైతే పూలు, మగవాళ్లకైతే ఓక్ ఆకులు, ఐవీ తీగలు. తర్వాత చర్చి పక్కనే ఉన్న చిన్న గదిలో, తన కుటుంబం వాళ్ల పక్కనే వరసలో పెట్టేవారు.

వినడానికి ఒళ్లు జలదరిస్తుంది. చూస్తే మాత్రం భయమేయదు. మొత్తం 1,200 పుర్రెలు, వాటిలో రంగులు వేసినవి ఆరువందల పైచిలుకు. తాతా అమ్మమ్మా మనవడూ పక్కపక్కనే. అటక మీద పాత ఫొటోల పెట్టె తెరిచినట్టుంటుంది. కాథలిక్కులు దహన సంస్కారం చేసుకోవచ్చని 1960ల్లో చర్చి అనుమతించాక క్రమంగా ఈ ఆచారం తగ్గిపోయింది. చివరి పుర్రె 1995లో చేరింది. 1983లో చనిపోయిన ఓ మహిళది. తనని కూడా అక్కడే ఉంచాలన్నది ఆమె ఆఖరి కోరిక. ఆమె బంగారు పన్ను అలాగే ఉంది.

ఊరినే నకలు కొట్టేశారు!

1997లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. 2006లో ఓ దక్షిణ కొరియా సీరియల్ ఇక్కడ తీశారు. ఆసియా యాత్రికుల రాక అప్పట్నుంచీ పెరిగింది. తర్వాత జరిగిన కథ మరీ విచిత్రం. 2011లో హాల్‌స్టాట్ జనానికి ఓ సంగతి తెలిసింది. చైనా నిర్మాణ సంస్థ తాలూకు మనుషులు యాత్రికుల్లా వచ్చి, వీధులన్నీ ఫొటోలు తీసి, కొలతలు పట్టుకెళ్లి, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో అచ్చంగా ఇలాంటి ఊరినే కడుతున్నారట! చర్చి, చౌరస్తా, ఫౌంటెన్, ఆఖరికి సరస్సు కూడా. అడగకుండా తమ ఇంటిని నకలు కొట్టారని కొందరు మండిపడ్డారు. ఇంకొందరు ఇదో ఉచిత ప్రచారం అనుకున్నారు. 2012లో ఆ నకలు ఊరి ప్రారంభోత్సవానికి అసలు ఊరి మేయరే వెళ్లొచ్చారు. నకలు చూసినవాళ్లకి అసలు చూడాలనిపించదా... అనిపించింది!

2013లో డిస్నీవాళ్ల 'ఫ్రోజెన్' వచ్చాక అందులోని రాజ్యానికి హాల్‌స్టాటే స్ఫూర్తి అని ఇంకో ప్రచారం. నిజానికి ఆ సినిమావాళ్లు తిరిగొచ్చింది నార్వే. అయినా పిల్లలున్న ఏ కుటుంబం ఆగుతుంది?

అసలు చిక్కు అక్కడే మొదలైంది. వచ్చేవాళ్లలో చాలామంది రాత్రి ఉండరు. బస్సు దిగడం, ఉత్తరాన ఉన్న ఆ ఒక్క మలుపు దగ్గరికి పరుగెత్తడం, సెల్ఫీ తీసుకోవడం, ఐస్‌క్రీం తినడం, బస్సెక్కడం. కొందరైతే ఇదేదో సినిమా సెట్టింగ్ అనుకుని ఇళ్ల తలుపులు తోసుకుని వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. ఇంట్లో మనుషులు అన్నం తింటుంటే కిటికీలోంచి ఫొటోలు! ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయేవాళ్లు వెళుతుంటే ఆ ఇళ్లు అద్దె గదులైపోతున్నాయి. పర్యాటకం వల్ల ఊరికి డబ్బొస్తోంది, అందులో సందేహం లేదు. షాపులవాళ్లూ పడవలవాళ్లూ గదులిచ్చేవాళ్లూ బతికేది దానిమీదే. ఒకే కుటుంబంలో అన్నకి యాత్రికులు కావాలి, తమ్ముడికి వద్దు అన్న పరిస్థితి వస్తే ఎవర్ని తప్పుపడతాం?

2020 నుంచి టూరిస్టు బస్సులు ముందే సమయం బుక్ చేసుకోవాలన్న నిబంధన పెట్టారు. వచ్చినవాళ్లు కనీసం రెండున్నర గంటలైనా ఉండాలి. 2023 మేలో సెల్ఫీల మలుపు దగ్గర సరస్సు కనబడకుండా చెక్కతడికలు కట్టేశారు. ప్రపంచమంతా గగ్గోలు పెట్టేసరికి కొద్దిరోజుల్లోనే తీసేశారు. అదే ఏడాది ఆగస్టులో దాదాపు వందమంది ఊరివాళ్లు ఊరికొచ్చే సొరంగం రోడ్డుకి అడ్డంగా నిలబడ్డారు. పర్యాటకులు రావచ్చు, కానీ ఇంతమందా అన్నదే వాళ్ల గోడు. పావుగంట నిలబడి, బస్సుల్ని ఆపి, మళ్లీ దారిచ్చారు.

చుట్టూ ఇంకెన్నో

హాల్‌స్టాట్ రద్దీ తగ్గాలంటే ఒక మార్గం, వచ్చినవాళ్లు చుట్టుపక్కల కూడా తిరగడమే. తిరగడానికి కావల్సినన్ని ఉన్నాయి కూడా.

సరస్సు దక్షిణపు కొసన ఓబర్‌ట్రావున్ అనే చిన్న ఊరుంది. అక్కణ్నుంచి కేబుల్ కారెక్కితే మధ్యలో మంచు గుహ. బయట ఎండ కాస్తున్నా లోపల నీళ్లు గడ్డకట్టి స్తంభాల్లా, కోటల్లా నిలబడి ఉంటాయి. ఆగస్టులో వెళ్లినా స్వెట్టర్ తప్పదు. ఇంకా పైకెళితే క్రిప్పెన్‌స్టైన్ శిఖరం దగ్గర 'అయిదు వేళ్లు' అనే వేదిక. అరచేతి నుంచి వేళ్లు చాచినట్టు లోయ మీదికి అయిదు ఇనుప దారులు. కింద దాదాపు 400 మీటర్లు శూన్యం. ఒక వేలికి అద్దం నేల ఉంటుంది. దాని మీద నిలబడి కిందికి చూడగలిగినవాళ్లకి సరస్సు ఓ ఆకుపచ్చ మరకలా కనిపిస్తుంది. చూడలేనివాళ్లు వెనక నిలబడి, చూసినవాళ్లకి ఫొటోలు తీస్తారు.

పడమటి లోయలో గోజావ్ సరస్సు. చిన్నదే కానీ, డాఖ్‌స్టైన్ మంచు శిఖరం అందులో పూర్తిగా ప్రతిఫలిస్తుంది. చుట్టూ చదునైన దారి ఉంది, పెద్దవాళ్లు కూడా హాయిగా నడవొచ్చు. ఉత్తరాన బాడ్ ఇష్ల్ పట్నం. పిల్లలు లేని ఆస్ట్రియా రాజకుమారి సోఫీ ఇక్కడి ఉప్పునీటి స్నానాల తర్వాతే గర్భవతి అయిందనీ, అలా 1830లో ఫ్రాంజ్ జోసెఫ్ పుట్టాడనీ చెప్పుకుంటారు. ఆమె కొడుకుల్ని 'ఉప్పు రాకుమారులు' అని ముద్దుగా పిలిచేవారట. ఆ ఫ్రాంజ్ జోసెఫే చక్రవర్తయ్యాక వేసవులన్నీ ఇక్కడే గడిపాడు. 1914 జులై 28న సెర్బియా మీద యుద్ధ ప్రకటన చేసిందీ ఇక్కడి బంగళా నుంచే. మొదటి ప్రపంచయుద్ధం ఈ ప్రశాంతమైన ఊళ్లోంచి మొదలైందంటే నమ్మబుద్ధి కాదు.

కాస్త తూర్పుకి వెళితే అల్టావ్‌జే. అక్కడా సరస్సుంది, ఉప్పుగని ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు యూరప్ అంతటా దోచుకున్న వేలాది కళాఖండాల్ని ఈ గనిలో దాచారు. మైకెలాంజిలో చెక్కిన శిల్పం, వెర్మీర్ చిత్రం, గెంట్ చర్చిలోని ప్రఖ్యాత చిత్రఫలకాలు... అన్నీ ఉప్పు సొరంగాల్లోనే. 1945లో ఓటమి ఖాయమయ్యాక, శత్రువులకి దక్కకూడదని స్థానిక నాజీ నాయకుడు గనిని పేల్చేయమన్నాడు. 'చలవరాయి, జాగ్రత్త' అని రాసిన ఎనిమిది పెట్టెలు లోపలికి చేర్చాడు. ఒక్కోదాంట్లో అయిదువందల కిలోల బాంబు! గని పోతే తమ బతుకే పోతుందన్న భయంతో కార్మికులూ కొందరు అధికారులూ కలిసి ఆ పెట్టెల్ని బయటికి మోసేశారు. గని ముఖద్వారాల్ని మాత్రం చిన్న పేలుళ్లతో మూసేశారు, ఇంకెవరూ లోపలికి పోకుండా. కళ మీద ప్రేమతోనా, ఉప్పు మీద ప్రేమతోనా అంటే... రెండూ అనుకోవచ్చు.

వెళ్లాలంటే...

ఆస్ట్రియాకి షెంజెన్ వీసా కావాలి. వియన్నా నుంచి హాల్‌స్టాట్‌కి రైల్లో మూడున్నర గంటలకు కాస్త అటూ ఇటూ, మధ్యలో అట్నాంగ్-పుఖైమ్‌లో మారాలి. సాల్జ్‌బర్గ్ నుంచి అయితే బాడ్ ఇష్ల్ దాకా బస్సు, అక్కడ రైలు. ఆ బస్సు దారిలోనే 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' సినిమాలో చూసిన సరస్సులు పలకరిస్తాయి. మే నుంచి అక్టోబరు దాకా వాతావరణం బాగుంటుంది, కాకపోతే జులై, ఆగస్టుల్లో రద్దీ చెప్పనలవి కాదు. చలికాలంలో కొండల నీడ వల్ల ఊరికి ఎండ తక్కువ. మాంసాహారులకి ఈ సరస్సులో దొరికే చేప రుచి చూడొచ్చు. శాకాహారులు మాత్రం రొట్టె, జున్ను, బంగాళాదుంపలతో సరిపెట్టుకోవాల్సిందే. ఓ పచ్చడి సీసా పెట్టెలో వేసుకెళితే నష్టం లేదు.

ఊళ్లో ఒక రాత్రి ఉండగలిగితే ఉండాలి. సాయంత్రం ఆఖరి బస్సు వెళ్లిపోయాక చౌరస్తా ఖాళీ అవుతుంది. దుకాణాల ముందు బల్లలు లోపలికి చేరతాయి. పగలంతా కనబడని ఊరివాళ్లు అప్పుడు బయటికొస్తారు. కుక్కని తిప్పేవాళ్లు, గోడ మీది పియర్ చెట్టుకి నీళ్లు పోసేవాళ్లు, రేవు మెట్ల మీద కూర్చునేవాళ్లు. ఇక్కడి వృత్తివిద్యా పాఠశాలలో వడ్రంగం, పడవల తయారీ, సంగీత వాద్యాల తయారీ నేర్పుతారు. అది 1873 నుంచీ ఉంది. ఊళ్లో పడుచుపిల్లలు కనిపిస్తే చాలామటుకు ఆ బడివాళ్లే. పడవ ఆఖరిసారి ఆవలి ఒడ్డుకి వెళుతుంది, ఆఖరి రైలు వాళ్లని దించడానికి. అది వెళ్లిన దారిలో నీళ్లు కాసేపు కదిలి, మళ్లీ ఇళ్లన్నిటి బొమ్మా తలకిందులుగా నిలబడుతుంది.